పని ముందు, పిలుపు తర్వాత

పోర్ట్‌లీష్ నుంచి రోజూ రైలెక్కి డబ్లిన్ కొలువులకు వెళ్లే తెలుగువారికి, ఇంకా కొలువు వెతుక్కుంటున్నవారికి ఒక మాట.

ఐర్లాండ్‌కు చెందిన డేవ్ ఎయిర్లీ సాఫ్ట్‌వేర్ సంస్థ రెడ్ హ్యాట్‌లో చేరకముందే లైనక్స్ కెర్నెల్‌లో గ్రాఫిక్స్ భాగం చూసుకునేవారు. ఆయన పనితనం అప్పటికే అందరి కళ్లెదుటా ఉంది.

మీరూ రోజూ వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీతోనే మొదలుపెట్టండి. ఒక బగ్ సరిచేసి, దానికో టెస్ట్ రాసి పంపండి. "ఖాళీ ఫైలిస్తే ఏమవుతుంది?" అని ఆ లైబ్రరీ నిర్వాహకులు అడుగుతారు. చాలామంది అక్కడే జారుకుంటారు. మీరు మాత్రం ఓపిగ్గా జవాబిచ్చి, దిద్ది మళ్లీ పంపండి. ఆ సంభాషణంతా బహిరంగంగానే ఉంటుంది. ఉద్యోగమిచ్చేవారు కోడ్‌తో పాటు మీ తీరునూ చదువుతారు. నాకైతే కోడ్ కంటే అదే ముఖ్యమనిపిస్తుంది.

ఊళ్లో ఉన్న మీ తమ్ముళ్లకూ చెప్పండి: ఇక్కడ పనిచేయడానికిచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్‌కు ముందుగా ఉద్యోగపు ఆఫర్ ఉండాలి. ఆ ఉద్యోగపు దరఖాస్తులో, తాము ఇలా పంపిన ప్యాచ్‌ల (దిద్దుబాట్ల) లింకులు అన్నిటికంటే పైన పెట్టమనండి.