కుట్టిన చేతికి ఒక పేరు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు, మంచి బట్ట కంటబడితే ముందు దాని అందం గురించి మాట్లాడేవారు కాదు. “నేసినవాడికి ఎంత ముట్టింది?” అని అడిగేవారు. బెంగాల్ చేతిపనుల మీద ప్రసంగించమని నిర్వాహకులు కోరినప్పుడు నాకు ఆయన ప్రశ్నే దారి చూపింది.

బెంగాల్ బట్ట అనగానే ఢాకా మస్లిన్ గుర్తొస్తుంది. మొగలాయి దర్బారులు, ఈస్టిండియా కంపెనీ కొనుగోళ్లు, యూరప్ దొరసానుల గౌనులు: ఆ కథ చాలావరకు కొన్నవాళ్ల వైపు నుంచి వచ్చింది. మేఘనా నదీతీరపు ఫుటీ కార్పాస్ పత్తిని, పోగు తెగకుండా తేమగాలిలో వడికిన ఆడవాళ్ల పేర్లు మనదాకా రాలేదు. మస్లిన్ మీద పువ్వులు పూయించిన జాందానీకి 2013లో యునెస్కో గుర్తింపు దొరికింది. మన కాకినాడ తీరంలో ఉప్పాడ మగ్గాలూ ఆ పేరుతోనే బతుకుతున్నాయి. జాందానీ గొప్పదనాన్ని నేను తక్కువ చేయను. కానీ బెంగాల్ చేతి నేర్పు అన్నిటికంటే స్వేచ్ఛగా పలికింది చిరిగిన చీరల మీద అని నా నమ్మకం. దాని పేరు కాంథా.

మన ఇళ్లలో బొంత కుట్టిన అమ్మమ్మలకు ఈ పని కొత్తగా తోచదు. వాడి వాడి మెత్తబడిన చీరలూ పంచెలూ మూడు నాలుగు పొరలుగా నేలమీద పరిచి, ముడతలు సరిచేసి, జరగకుండా పెద్ద పెద్ద కుట్లు వేస్తారు. దారం కొనేవారు కాదు. పాత చీర అంచుల నుంచి ఎరుపు, నీలం, నలుపు పోగులు లాగి చుట్టుకునేవారు. ఆ తర్వాతంతా సూది లోపలికీ పైకీ పోతూ వచ్చే సాదా కుట్టే. నడుమ పద్మం, నాలుగు మూలల చెట్లు, మధ్య ఖాళీల్లో ఏనుగు, పడవ, పల్లకి, దువ్వెన, కాటుక కాయ. బొమ్మల చుట్టూ మిగిలిన తెల్ల జాగా కూడా కుట్లతో నిండిపోతుంది. ఆ దగ్గరదగ్గర కుట్లకే గుడ్డంతా సన్నని అలలుగా ముడుచుకుంటుంది.

పెద్దవి చలికి కప్పుకోవడానికి. చిన్నవి అద్దం దువ్వెన చుట్టడానికి, పుస్తకం కట్టుకోవడానికి, దిండుకు తొడగడానికి, పసిబిడ్డను పడుకోబెట్టడానికి. అమ్మకానికి కాదు, అయినవాళ్లకు. ఏ దళారీ గడువు పెట్టలేదు, ఏ గుమాస్తా గజానికి ఇన్ని పువ్వులని చెప్పలేదు. అందుకే ఒక కాంథా మరో కాంథాలా ఉండదు.

ఐసీఎస్ అధికారిగా ఊళ్లు తిరిగిన గురుసదయ్ దత్ (1882–1941) ఈ విలువను కనిపెట్టి సేకరించకపోతే చాలా కాంథాలు మళ్లీ చిరుగుగుడ్డలుగానే పోయేవి. ఆయన సేకరణతో కోల్‌కతా శివారు జోకాలో ఏర్పడిన మ్యూజియంలో, 19వ శతాబ్దపు కాంథా ఒకటి ఉంది. ఖుల్నా ప్రాంతపు మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం దాన్ని కుట్టింది. అది తన చేతిపనేనని, తండ్రికి కానుకని దారంతోనే అక్షరాలు కుట్టి చెప్పింది. ఆ రోజుల్లో బెంగాలీ ఆడపిల్లలు ఎంతమంది తమ పేరు రాసుకోగలిగారు? ఆమెకు కాగితం కంటే ముందు బట్టే దొరికిందేమో.

బట్ట నుంచి నగకు వస్తే, పెళ్లయిన బెంగాలీ హిందూ స్త్రీ చేతికి తెల్లని శంఖపు గాజు, ఎర్రని పోలా గాజు, ఇనుప నోవా గాజు ఉంటాయి. ఆ శంఖం బెంగాల్‌ది కాదు. మన్నార్ సింధుశాఖలో మునిగి తెచ్చిన శంఖాలు వందల మైళ్లు ప్రయాణించి ఢాకా శాంఖారీ బజారు చేరేవి. అక్కడి పనివాళ్లు శంఖాన్ని కాళ్ల మధ్య బిగించి, అర్ధచంద్రాకారపు బరువైన రంపంతో వలయాలుగా కోసేవారు. పోయినా కోస్తుంది, వచ్చినా కోస్తుంది ఆ రంపం. మనం ముందు నుయ్యి వెనక గొయ్యి అనే చోట బెంగాలీలు దాన్నే తలుచుకుంటారు. 1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం ఆ వీధి మీద పడి జనాన్ని చంపింది. ప్రాణాలు దక్కినవారిలో ఎందరో సరిహద్దు దాటారు. ఒక నగ వెనక ఇంత ఉంది.

తిరిగి కాంథా దగ్గరికి: ఇప్పుడు అది బజారుకు వచ్చింది. శాంతినికేతన్ చుట్టుపక్కల బీర్భూం గ్రామాల్లో, అవతల బంగ్లాదేశ్‌లో జెస్సోర్, జమాల్‌పూర్‌లలో ఆడవాళ్లు కొత్త పట్టు మీద కుడుతున్నారు. నాకు ఇందులో బాధ లేదు. సంపాదన ఆడదాని చేతికి రావడం మంచిదే. బాధల్లా కూలి లెక్క మీద. బొమ్మ గీసిన బట్టా దారమూ ఇంటికి పంపి, చీరకింత అని కట్టి ఇచ్చే పద్ధతిలో, ఇంటిల్లిపాదికీ వండిపెట్టాక మిగిలిన వేళల్లో నెలల తరబడి కుట్టిన కుట్టుకు గంటల లెక్కే ఉండదు. 2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ (బొమ్మల) కాంథాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర ప్రాంతం పేరు చెబుతుంది, మనిషి పేరు చెప్పదు.

చీరతో పాటు కుట్టినామె పేరు, ఊరు, పట్టిన గంటలు, ఆమెకు అందిన సొమ్ము రాసిన చీటీ ఇవ్వడం కష్టమైన పని కాదు. సహకార సంఘాలు ముందు మొదలుపెట్టవచ్చు. హైదరాబాదులో, విశాఖలో చేతిపనుల ప్రదర్శనలు పెట్టే సంస్థలు ఆ చీటీ లేని సరుకుకు చోటు లేదని చెప్పవచ్చు. మర కుట్టును చేతి కుట్టని అమ్మే మోసానికీ అది కొంత అడ్డుకట్ట వేస్తుంది. ధర పెరుగుతుందని వ్యాపారులు అంటారు. పెరగనివ్వండి. ఇన్నాళ్లూ ఆ తేడాను కుట్టినామె భరించింది.