సొమ్మొకరిది, సోకొకరిదా?

(సంఘ పఠనాలయమున జరిగిన ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మమ్ములను మాటలాడుమని కోరినది మోటారు బండ్లను గూర్చి. పాత బండ్ల సామానులు అమ్ముకొను వర్తకులము గావున ఈ పని మాకు అప్పగించిరి కాబోలు. మన చాళ్ళలోని కుర్రవాండ్రు కొందరు నెల దినములుగా ఒక తర్కమున పడియున్నారు. జపానులో టొయోటా, సుబారు అను రెండు కంపెనీలు కలసి ఒక స్పోర్ట్సు కారును తయారుచేసినవి. దాని కీర్తి ఎవరికి చెందవలెనని వారి వాదము. మేడమీదివారు టొయోటా పక్షము, క్రిందివారు సుబారు పక్షము. కుళాయి కాడ తగవులకు అలవాటుపడిన చాళ్ళు మనవి. వానికి ఇది యొకటి తోడైనది. అయినను ఈ తగవుతో మన సంఘపు పని యొకటి ముడిపడి యున్నది. ముందు బండి సంగతి చూతము.

2005లో టొయోటావారు సుబారు బండ్లు చేయు కంపెనీలో కొంత వాటా కొనిరి. 2008లో ఇరువురును కలసి చిన్న స్పోర్ట్సు కారు చేయుదుమని ప్రకటించిరి. 2012లో బండి వెలువడెను. టొయోటా వారి బండి పేరు 86. సుబారు వారి బండి పేరు బి.ఆర్.జెడ్. పేర్లు రెండు, బండి ఒక్కటే. ముందున ఇంజను, వెనుక చక్రములకు బలము, తక్కువ బరువు, అందుబాటు ధర కావలెనన్న తలంపు టొయోటా వారిది. పైరూపమును గీయించినదియు వారే. ఇంజను మాత్రము సుబారు వారిది. అందులో సిలిండర్లు నిలువుగా నుండవు, ఇరుప్రక్కల పడుకొని యుండును. అందుచేత ఇంజను క్రిందికి అమరి, మలుపులలో బండి నేలను పట్టుకొని పోవును. కాని ఆ ఇంజనులోనికి పెట్రోలు చిమ్ము పద్ధతి మరల టొయోటా వారిది. బండ్లన్నియు తయారైనది గున్మా జిల్లాలో, ఓతా పట్టణమున, సుబారు వారి కార్ఖానాలో.

క్రిందివారు అందురు: చేసినవాడే కర్త. మేడమీదివారు అందురు: సుబారు వారు నాలుగు చక్రములకు బలమిచ్చు బండ్లకు పేరుపడినవారు, టొయోటా వారు పట్టుబట్టకున్న వారికి ఈ బండి తలంపే రాదు. మా మట్టుకు మాకు రెండు మాటలును నిజమే. ఆ ఇంజను మూతపైన ఇరు కంపెనీల పేర్లును ప్రక్కప్రక్కన అచ్చొత్తియుండును. 2018లో వాల్వు స్ప్రింగులలో లోపమున్నదని బండ్లను వెనుకకు పిలిచినప్పుడు రెండు పేర్ల బండ్లును కార్ఖానా దారి పట్టినవి. కీర్తిలో పాలు కోరువారు మరమ్మతు ఖర్చులో పాలు పంచుకొనిరా అన్నది మేము చూచు లెక్క. ఇది వర్తకుని బుద్ధి యనుకొందురు గాక.

జపాను దూరము. కుర్లా మనకు దగ్గర. వాల్‌చంద్ హీరాచంద్ సేఠు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్సు కంపెనీని స్థాపించిరి. విశాఖపట్టణమున నౌకా నిర్మాణశాలకు 1941లో రాజేంద్రప్రసాదు గారిచేత శంకుస్థాపన చేయించినవారును వీరే. సింధియా స్టీము కంపెనీ చేతినుండి అది ఏనాడో ప్రభుత్వము చేతికి పోయినది గాని, విశాఖలో ఆ పేటను నేటికిని సింధియా యనియే పిలుతురు. పేరు ఒకసారి నేలకు అంటుకొన్న పిమ్మట ఊడదీయుట కష్టము. ఈ మాట మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

కుర్లా కార్ఖానాలో మొదట అమెరికా బండ్లు కూర్చిరి. 1950 తరువాత ఇటలీ వారి ఫియాటుతో ఒడంబడిక కుదిరినది. ఫియాటు 1100 బండి 1953లో టురినులో పుట్టినది. దాంతే జియకోసా అను ఇంజనీరు దాని రూపకర్త. 1964లో దాని క్రొత్త రూపము డిలైటు అను పేర బొంబాయి వీథులకు వచ్చెను. ఒడంబడిక కాలము తీరగా 1972లో పేరు మార్చి ప్రీమియర్ ప్రెసిడెంటు అనిరి. 1974లో పద్మిని అనిరి. బండి మాత్రము అదియే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు ప్రక్కన గేరు కఱ్ఱ, గుండ్రని దీపములు. ఇటలీలో 1100 తయారీ 1969తో ఆగిపోయెను. కుర్లాలో 2000 ప్రాంతము వరకు సాగెను. కన్నతల్లి మరచిన బిడ్డను యశోద మరి ముప్పది యేండ్లు పెంచినది.

అయితే ఈ యశోద బిడ్డకు క్రొత్త చొక్కా కుట్టించినది చాల తక్కువ. పోటీ లేని కాలము. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండు గిరాకీలు. ఇక బండిని మార్చవలసిన అగత్యమేమి? గీసిన కీర్తి టురినుది. ఇన్నాళ్ళు చేసిన కీర్తి కుర్లాది. బాగుచేయక ఊరకుండిన నిందయు కుర్లాదే. ఇది మా తీర్పు. ఒప్పనివారు లేచి చెప్పవచ్చును.

మా అంగడిలో మరియొక తీర్పు కంటిమి. పద్మిని క్లచ్చి ప్లేటు కొనవచ్చిన టాక్సీవాడు ఎన్నడును 'పద్మినీది ఇమ్ము' అనలేదు. 'ఫియాటుది' అనియే అడుగును. ఒడంబడిక తీరి ముప్పది యేండ్లు గడచినను జనుల నోట ఫియాటే. డబ్బు పెట్టి పేరు మార్చినవారికి ఆ పేరు దక్కలేదు! మఱి ఆ బండిని ఇరువది యేండ్లు నడిపినదెవరు? కంపెనీ కాదు. రేకు సాగగొట్టి, కార్బురేటరు విప్పి తుడిచి, దొరకని సామానుకు బదులు లేతు మీద సామాను తిరుగించి పెట్టిన మేస్త్రీలు. వారి పేరు ఏ మూతపైనను లేదు. 2023 అక్టోబరు 30తో నగరమున పద్మిని టాక్సీలకు గడువు తీరినది. నాడు పత్రికలన్నియు బండికి వీడ్కోలు వ్రాసినవి. మేస్త్రీని తలచిన పత్రిక మా కంటబడలేదు.

ఆ ఫియాటు వారికే తరువాత జపానులో వేరొక పాత్ర దొరికినది. 2016లో 124 స్పైడర్ అను స్పోర్ట్సు కారును తమ పేర విడుదల చేసిరి. దాని చట్రము మాజ్దా వారిది, తయారైనది హిరోషిమాలో. ఇంజను మాత్రము ఇటలీది. కుర్లాలో బిడ్డను ఇచ్చినవారు హిరోషిమాలో బిడ్డను తెచ్చుకొనిరి.

ఇక మన సంగతి. పఠనాలయపు గోడకు పెట్టుటకై తయారుచేసిన ఫలకపు ముసాయిదాలో రెండవ పంక్తి ఇట్లున్నది: 'ముంబయి నగరమును నిర్మించినది మన తెలుగు కామాటీలే.' ఆ 'మేడ' కట్టినవారిలో మేమొకరము కాము గాని, ఈ 'లే' అను అక్షరముపై మాకు అభ్యంతరము కలదు. హార్న్‌బీ వెల్లార్డు కట్ట 1784లో పూర్తియైన పిమ్మట, సముద్రపు నీరు తీసిన పల్లపు నేలలో, ఆ శతాబ్దపు చివర, నిజాము సీమనుండి మన పూర్వులు వచ్చి కాపురముండిరి. రాయి కొట్టిరి, సున్నము కలిపిరి, మన తల్లులు తట్టలు మోసిరి. ఇది ఎవరును కాదనరు. కాని విక్టోరియా టెర్మినసును గీసినవాడు స్టీవెన్సు. దాని శిల్పముల పనిలో జె.జె. కళాశాల విద్యార్థులున్నారు, మరాఠీ, గుజరాతీ, కచ్ఛీ పనివారును ఈ నగరమున చెమటోడ్చిరి. మనమే అంతయు చేసితిమనిన, మనము నిజముగా చేసినదానిని గూడ ఎదుటివాడు నవ్వి త్రోసివేయును.

కట్టకు గవర్నరు హార్న్‌బీ పేరు వచ్చినది. కాని ప్రక్కనున్న పేటకు కూలివాని పేరు వచ్చినది. కూలివాని పేరున ఒక పేట వెలసిన నగరములు ఎన్ని యుండును? ఇప్పుడు మ్హాడా ద్వారా ఈ పాత చాళ్ళను పడగొట్టి క్రొత్త మేడలు కట్టు ప్రయత్నము జరుగుచున్నది. ఈ పేటకు లోకమున వచ్చిన చెడ్డపేరు చూచి, మన పిల్లలే కొందరు చిరునామాలో కామాటిపుర అని వ్రాయుటకు సిగ్గుపడుచున్నారు. క్రొత్త మేడకు ఏదో హైట్సు అని, టవర్సు అని పేరు పెట్టిన సంతోషింతుమను వారును మనలో ఉన్నారు. వారి బాధ మాకు తెలియును. పెండ్లి సంబంధముల వేళ ఆ చిరునామా మా ఇంటిలోను చర్చకు వచ్చినది. అయినను ఆ పేరు వదలుకొన్నచో ఇంజను మూతపైనున్న మన అక్షరములను మన చేతులతో గీకివేసినట్లగును.

కావున ముసాయిదాలో 'నిర్మించినది మన కామాటీలే' అను మాట తీసి, 'నిర్మించిన వారిలో మన కామాటీలు ఉన్నారు. ఈ పేటకు పేరు వారిది' అని వ్రాయవలెనని మా సవరణ. మ్హాడాకు పంపు అర్జీలో పేట పేరును నిలుపవలెనని కోరవలెను. దానికి ఆధారములు కావలెను. మీ ఇండ్లలో తాతలనాటి మస్టరు చిట్టాలు, ముకద్దముల లెక్కపుస్తకములు, మిల్లు బిళ్ళలు, బాడుగ రసీదులు ఏవియున్నను పారవేయక వచ్చు ఆదివారము పఠనాలయమునకు తెండు. నకళ్ళు తీసికొని అసలు కాగితములు అదే దినము తిరిగి ఇచ్చెదరు. నకళ్ళ ఖర్చు మా అంగడి భరించును. మేడమీదివారు, క్రిందివారు అను భేదము లేక కుర్రవాండ్రు ఇంటింటికి పోయి అడుగవలెనని కోరుచు, సవరణను కార్యవర్గము ముందుంచుచున్నాము.