కెమెరా మన ఆడపిల్లల చేతికి వస్తే



నారాయణగూడలో సినిమా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దీపక్, శాంతి థియేటర్ల పేర్లు తెలియనివారు ఈ పేటలో అరుదు. మేము చెప్పదలచింది ఆ తెర మీద మనల్ని ఎలా చూపించారన్న సంగతి. మా హాస్టల్లో ఆదివారం సాయంత్రం పిల్లలు టీవీలో సినిమా చూస్తారు. ఒకసారి అందులో అడవి మనుషుల పాట వచ్చింది. ఈకలు, ఆకులు, అర్థంలేని కేకలు. కొందరు నవ్వారు. ఒక కోయ అమ్మాయి అన్నం కంచం వదిలేసి లేచి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమెకు మేము ఏమీ చెప్పలేకపోయాం. ఈరోజు చెప్పగలం.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది బడికి వెళ్లనివారు, పొలం పనులు చేసుకునేవారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. బీటీ పత్తి వచ్చిన కొత్తలో వరంగల్ జిల్లా రైతుల చేలకు వెళ్లి, పంట కాలమంతా వాళ్ల మాటలు, లెక్కలు రికార్డు చేశారు. ఆ సినిమాలు విదేశాల్లోనూ చూశారు. కెమెరా కోణాలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. వాటిలో ఒకటి పటేల్ షాట్. ఇంకొకటి బానిస షాట్. ఎదురెదురుగా కూర్చుని కంటికి కన్ను కలిపితే సంఘం షాట్. మనల్ని ఇన్నాళ్లూ ఏ షాట్‌లో తీశారో ఇక వేరే చెప్పాలా?

ఈ నగరంలోనే ఇంకొకటి జరిగింది. 1983లో దీపా ధన్‌రాజ్ తదితరుల యుగాంతర్ బృందం, హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటనతో కలిసి ‘ఇది కథ మాత్రమేనా?’ అనే చిన్న తెలుగు సినిమా తీసింది. ఇంటి నాలుగు గోడల మధ్య ఆడమనిషి పడే హింస గురించి. దాన్ని కథగానే తీశారు. కథగా చెప్తే ఫలానా ఇంటి ఆడపిల్ల అని ఎవరూ వేలు చూపలేరు. అయినా చూసిన ప్రతి ఆడమనిషికీ అది ఎవరి సంగతో తెలుస్తుంది.

కెనడాలో అబెనాకీ ఆదివాసీ మహిళ అలానిస్ ఒబోమ్‌సావిన్ ఉన్నారు. మొదట పాటలు పాడి, కథలు చెప్పేవారు. 1971లో ఆమె తొలి సినిమాను రెసిడెన్షియల్ స్కూల్లో ఉన్న క్రీ పిల్లలు గీసిన బొమ్మలతో, వాళ్ల గొంతులతోనే చేశారు. హాస్టల్ నడిపేవాళ్లం కాబట్టి ఇది మమ్మల్ని బాగా కదిలించింది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లకు చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. అడిగేవాళ్లే ఉండరు.

మేము అడిగాం. దసరా సెలవులకు ఇంటికెళ్లిన స్నేహితురాలు తిరిగి రాలేదని, పెళ్లి కుదిరిందని పిల్లలు చెప్పారు. దాన్నే ఒక సెల్‌ఫోన్‌తో పది నిమిషాల కథగా తీశారు. పేరు మార్చారు, ఊరు మార్చారు. ఖాళీ మంచం, మడిచిన దుప్పటి, హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు నిశ్శబ్దం, అంతే. తల్లిదండ్రుల సమావేశంలో చూపించాం. ఒక పెద్దాయన “మన పరువు బజారున పెడతారా?” అని కోప్పడ్డారు. ఆయన కోపాన్ని మేము తప్పుపట్టం. మన బతుకును బయటివాళ్లు ఎన్నిసార్లు బజారున పెట్టారో ఆయనకు తెలుసు. అయితే వెనక నుంచి ఒక తల్లి లేచి, “ఇంకోసారి వెయ్యండమ్మా” అంది. రెండోసారి వేశాం. ఆ పెద్దాయన కూడా కూర్చుని చూశారు. వెళ్లిన పిల్ల ఇంకా రాలేదు. కాని పిల్లను సెలవులకు తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తండ్రి, ఏ తేదీకి తిరిగి తీసుకురావాలో తానే అడిగి రాసుకున్నాడు.

1928లో మాడపాటి హనుమంతరావు గారు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి బడి పెట్టింది ఇక్కడే, నారాయణగూడలోనే. ఆనాడు అక్షరం అందింది. ఈనాడు కెమెరా అందాలి.

సంఘం పెద్దలకు మా విన్నపాలు రెండు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవంలో నృత్యాలతో పాటు మన పిల్లలు తీసిన సినిమాలకూ అరగంట ఇవ్వండి. ఏ సినిమా అయినా ముందు అది పుట్టిన గూడెంలో, తండాలో చూపించి, వాళ్లు సరే అన్నాకే బయటికి తెద్దాం. మనల్ని తీసి పట్టుకెళ్లినవాళ్లు మనకు ఎన్నడూ చూపించలేదు. మనం అలా చేయొద్దు.