సంతకానికి ముందా, తర్వాతా?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

 

‘వకీలువి కదా, అందరికీ పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు’ అన్నారు నిర్వాహకులు. నిపుణుల సలహా ఎప్పుడు అడగాలన్న ఒక్క సంగతే చెబుతాను.

ప్రతి చిన్న విషయానికీ అడగనక్కర్లేదు. నేను చెప్పే కొలత ఒకటే. చేసిన పని బెడిసికొడితే రేపు మనంతట మనమే సరిదిద్దుకోగలమా? దిద్దుకోగలిగితే మన బుద్ధి చాలు. లేకపోతే ముందే అడగాలి.

స్థలం కొనడం ఈ రెండో రకం. మనలో చాలామంది రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బుతో ప్లాటు కొందామనుకుంటారు. ‘అన్నీ క్లియర్’ అంటాడు బ్రోకరు. అమ్మకం జరిగితేనే ఆయనకు కమీషన్ అన్నది మరచిపోతాం. దస్తావేజు లేఖరి మనం చెప్పింది రాస్తాడు. రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక భయం లేదనుకుంటాం. కానీ రిజిస్ట్రేషన్ అమ్మినవారి హక్కుకు పూచీ కాదు.

ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని వీలునామా గానీ, కోర్టులో నడుస్తున్న దావా గానీ అందులో కనిపించకపోవచ్చు. అది అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం అమ్మకాన్ని కట్టడి చేసింది. తర్వాత వచ్చిన సడలింపులు ఆ భూమికి వర్తిస్తాయో లేదో చూడాలి. ఇక హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో 2005 సవరణతో కూతుళ్లకూ కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి అమ్ముతుంటే, అక్కచెల్లెళ్ల వాటా సంగతేమిటని అడగాలి.

సంతకానికి ముందు వచ్చినవారికి లింకు డాక్యుమెంట్లు చూసి కొనచ్చో వద్దో చెప్పగలను. అడ్వాన్సు ఇచ్చి వచ్చినవారికి ఆ డబ్బు ఎలా రాబట్టుకోవాలో చెబుతాను. రిజిస్ట్రేషన్ అయ్యాక వచ్చినవారితో దావా గురించే మాట్లాడాలి. ఆ దావా ఒక్కోసారి పిల్లల చేతికి వారసత్వంగా వెళుతుంది. మొదట్లో ఆదా చేసిన ఫీజు అప్పుడు గుర్తొస్తుంది.

ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. అమ్మేవారు చూపించిన వకీలును కాదు, మీరు ఎంచుకున్న వకీలును అడగండి. కాగితాలన్నీ ముందు పెట్టండి, ఏదీ దాచకండి. ‘వద్దు’ అంటే వినడానికి సిద్ధపడి వెళ్లండి.

ఫీజు ఇచ్చుకోలేనివారికీ దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మీ ఊళ్లో ఒక్కరికైనా ఈ మాట చేరవేయండి.

పరీక్ష రాసి వచ్చాక సందేహం అడిగినా మన మాస్టార్లు ఓపిగ్గా చెప్పేవారు. కానీ మార్కులు మాత్రం మారేవి కావు. మా వకీళ్ల పరిస్థితీ అంతే. కాస్త ముందు రండి.