గుండెదడతో పరిచయం

ఆందోళనతో సతమతమయ్యే పెద్దవాళ్ళకు నాట్యం, బొమ్మలు, ఆసనాలు, శ్వాస ద్వారా చికిత్స అనగానే ఒకరు కాలక్షేపమని చప్పరించేస్తారు, మరొకరు ప్రాణాయామం ఉండగా మాత్రలెందుకంటారు. ఇద్దరూ వీటిని మనసును చల్లబరిచే ఉపాయాలుగానే చూస్తున్నారు. చల్లబరచడం చిన్న లాభం. తన ఒంట్లో పుట్టే అలజడికి తానే బెదిరిపోకుండా ఉండటం మనిషికి అలవాటు కావడం అసలు లాభం. ఈ సాయంత్రం నేను సమర్థించదలచుకున్నది ఈ ఒక్క మాటనే.

భయం ముందు, గుండెదడ తరువాత అని మన లెక్క. 1884లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఈ వరసను తిరగేశారు: ఒంట్లో మార్పు ముందు, దాన్ని గ్రహించడమే భయం. ఆ సిద్ధాంతం ఉన్నదున్నట్టు నిలవలేదు గానీ, 1986లో మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ పానిక్ (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్ర భయం) గురించి రాసినదాంట్లో దాని ఛాయ నాకు కనిపిస్తుంది. మెట్లెక్కితేనో, కాఫీ రెండు కప్పులు పడితేనో గుండె వేగం పెరుగుతుంది. ఆందోళనపరుడు దాన్ని గుండెపోటు అనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, అనుమానం నిజమైనట్టే తోస్తుంది. "ఏమీ లేదు, ధైర్యంగా ఉండు" అంటే అతనికి ఎందుకు ఎక్కుతుంది? ఎదురు సాక్ష్యం చెబుతున్నది సొంత గుండె కదా! మనస్తత్వవేత్త ఎలైన్ ఆరన్ 1996 నాటి పుస్తకంతో ప్రాచుర్యంలోకి తెచ్చిన అతిసున్నిత స్వభావం రోగం కాదు. అయినా అలాంటివారిని ఒంట్లోని చిన్న మార్పు కూడా గట్టిగానే తాకుతుంది. ఈ భయం మాటలతో పోదు కాబట్టే పానిక్ చికిత్సలో మనిషిని నిలుచున్నచోటే పరుగెత్తిస్తారు, కుర్చీలో గిరగిరా తిప్పుతారు. దడ వస్తుంది, పోతుంది, ప్రమాదమేమీ జరగదు. నాట్యచికిత్సలో ఇదే పని మరింత ఆత్మీయంగా జరుగుతుందని నా అభిప్రాయం. 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో మేరియన్ చేస్ మొదలుపెట్టిన పద్ధతిలో, చికిత్సకురాలు రోగి కదలికనే తానూ అందుకుని కదలికతోనే బదులిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, పక్కన అదే లయలో ఒక తోడు ఉంటుంది.

మనకు కూచిపూడి, కోలాటం ఉండగా ఇదెందుకని అడగవచ్చు. ఆడితే మంచిదే. కానీ అడుగు తప్పితే దిద్దడం గురువు ధర్మం. నలుగురి చూపే భయమైన మనిషికి ఆ దిద్దుబాటు, ఆపైన అరంగేట్రం మందు కాలేవు. చికిత్స గదిలో తప్పడుగు అనేదే లేదు.

ఇక ఆధారాలు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మందికి మట్టి, రంగు పెన్నులు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమన్నారు. దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గింది. దీన్ని తరచూ ఎత్తిచూపుతుంటారు. నేను మాత్రం దీని మీద బరువు మోపను. పోల్చడానికి రెండో బృందం లేదు, పైగా కార్టిసాల్ పొద్దెక్కేకొద్దీ తనంతట తానే తగ్గుతుంది. 2021లో జామా సైకియాట్రీ పత్రికలో అచ్చయిన అధ్యయనం ఇంతకంటే గట్టిది. నిత్యం ఆందోళనతో ఉండే 226 మందిని మూడు బృందాలు చేశారు. 12 వారాల తరువాత కుండలినీ యోగా చేసినవారిలో 54 శాతం, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాట్లాడే చికిత్స పొందినవారిలో 71 శాతం, ఒత్తిడి గురించి పాఠాలు మాత్రమే విన్నవారిలో 33 శాతం మెరుగయ్యారు. మరో ఆరు నెలలకు పాఠాల బృందం కంటే యోగాకు చెప్పుకోదగ్గ ఆధిక్యం మిగల్లేదు, థెరపీది మిగిలింది. యోగా అభిమానులు మొదటి సగం చదివి ఆగుతారు, గిట్టనివారు రెండో సగమే చదువుతారు. శరీరం నేర్చుకున్నదాన్ని మాటల్లో పెట్టి, భయాన్ని పరీక్షించి చూసుకోకపోతే ఆ పాఠం చెదిరిపోతుందని నేను అర్థం చేసుకున్నాను. ఇది నా ఊహే, ఆ పరిశోధకులు అన్న మాట కాదు. మాట్లాడే చికిత్స పక్కన నాట్యం, బొమ్మలు, యోగా వంటివాటిని పెట్టమంటాను, దాని స్థానంలో కాదు.

ఒంటిమీద ధ్యాస పెట్టమంటే ఆందోళన పెరగదా అన్న అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. పెరుగుతుంది, విశ్రాంతి సాధనే కొందరిలో ఆందోళన రేపడాన్ని పరిశోధకులు 1980లలోనే నమోదు చేశారు. కాబట్టి మొదటిరోజే కళ్ళు మూయించి శ్వాస గమనించమనడం తొందరపాటు. కళ్ళు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, మట్టి పిసకడమో, చప్పట్లతో తాళం వేయడమో ముందు, శ్వాస తరువాత. వీటన్నిటికంటే ముందు థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ పరీక్షించి ఉండాలి, ఎందుకంటే ప్రతి దడకూ మనసే కారణం కాదు.