మనిషి కొలతకు తగిన చట్రము



వెనుకటి వడ్రంగి నాగలికి మేడి అమర్చేటప్పుడు దున్నేవాని ఎత్తు చూచేవాడు. మేడి పొట్టిదైతే రైతు నడుము వంగిపోతుంది; పొడుగైతే చేతికి పట్టు చిక్కదు. రాజాం ప్రాంతపు రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1997లో ఇంజనీరింగు కళాశాల వెలసిన ఈ ఊరిలో పందెపు కారు నిర్మింపదలచిన విద్యార్థికి కూడ అదే ప్రశ్న ఎదురవుతుంది. ముందుగా కొలవవలసినది ఉక్కునా, మనిషినా?

విద్యార్థులే చిన్న పందెపు కారును రూపొందించి, నిర్మించి, నడిపే ఫార్ములా ఎస్.ఏ.ఇ. పోటీ 1981లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైనది. మన దేశంలో ఇటువంటిదే అయిన సుప్రా పోటీ 2011లో మొదలైనది.

ఈ కారుకు ఎముకల గూడు వంటిది ఉక్కు గొట్టాల చట్రము. నాలుగు కర్రలను చదరంగా బిగించి ఒక మూల నొక్కితే అది ఒరిగిపోతుంది. ఐమూలగా ఒక బద్ద కొట్టితే కదలదు. అందుచేతనే గొట్టాలను త్రికోణాలుగా అతుకుతారు. చోదకుని తల వెనుక ఒకటి, స్టీరింగు వద్ద ఒకటి, రెండు ఉక్కు కమానులు నిలుపుతారు. వాటి శిఖరాలను కలుపుతూ గీత గీచినట్లు భావిస్తే, హెల్మెట్టు ఆ గీతకు కనీసం 50 మిల్లీమీటర్లు దిగువగా ఉండవలెను. కారు తలక్రిందులైనప్పుడు తల నేలకు తగలకుండా కాపాడేది ఆ జాగాయే.

అయితే గట్టిదనము కోసం గొట్టాలు పెంచుకొంటూ పోతే చట్రము పంజరమై కూర్చుంటుంది. అందుకే నియమాలు ఒక మనిషి కొలతను ఇచ్చినవి. తుంటికి 200, భుజాలకు 200, హెల్మెట్టుతో కూడిన తలకు 300 మిల్లీమీటర్ల వ్యాసముగల మూడు వలయాలు అవి. 100 మంది పురుషులలో 95 మంది ఆ కొలతకు మించరు. అంతేకాదు, పట్టీలు బిగించుకొని కూర్చున్న చోదకుడు 5 సెకండ్లలో బయటపడి రెండు పాదాలూ నేలపై మోపవలెను. మంటలు అంటుకొన్నప్పుడు ప్రాణము నిలిచేది ఆ అయిదు సెకండ్లలోనే.

కనుక ఉక్కు కోయక పూర్వమే కర్రతో నమూనా కట్టవలెను. జట్టులోని అందరికంటె పొడగరినీ, పొట్టివానినీ వంతులవారీగా అందులో కూర్చుండబెట్టవలెను. మోచేయి గొట్టానికి తగులుతున్నదా? పాదము బ్రేకుకు అందుతున్నదా? అందకుంటే పెడళ్లు ముందువెనుకలకు జరిగే ఏర్పాటు చేయవలెను. పిమ్మట గడియారము చూచి, "దిగు" అనవలెను.

ఒక దినము పట్టే ఈ పరీక్షను తప్పించుకొంటే, అతికిన గొట్టాలను మరల కోయవలసి వస్తుంది. కోయక వదలివేస్తే అంతకంటె పెద్ద మూల్యమే చెల్లింపవలసి రావచ్చును. వడ్రంగి ఎరిగిన సూత్రమే ఇక్కడా శిరోధార్యము: పనిముట్టు మనిషికి ఒదగవలెనే గాని, మనిషి పనిముట్టుకు కాదు.