ప్రజాప్రాతినిధ్యము - వారసత్వము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను కళాశాల గడప త్రొక్కినవాడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ బీరువాలలోని భారతమును, రఘువంశమును వ్యాఖ్యల సాయమున చదివికొన్నవాడను. కావున నాకు తెలిసిన లెక్కను, పురాణమును ఆధారముగ గొని ఒక విషయము మీ ముందుంచెదను. తండ్రి నడచిన రాజకీయపు త్రోవను కుమారుడును వచ్చి పదవి నందుట మన ప్రాంతమున మనము కన్నులార చూచుచున్న సంగతి. దానిని ఓటరు ఏ దృష్టితో చూడవలెను? ఇదియే నా ప్రశ్న. ఏ పక్షమును పొగడుటకు గాని, తెగడుటకు గాని నేనిచట నిలువలేదు.

వారసత్వమును గూర్చి మాటాడుటకు నాకు కొంత అర్హత గలదు. నేను కరణముగారి యింట పుట్టినవాడను. కరణీకము మాకు తాతల నాటి నుండి వచ్చినది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఆ హక్కును కాపాడుచుండెను. స్వరాజ్యము వచ్చి రాజ్యాంగము అమలైన పిమ్మట, గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మునసబు పదవిని గూర్చిన తగవు సుప్రీంకోర్టు వరకు పోయెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగమును వంశమును బట్టి యిచ్చుట రాజ్యాంగము 16వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. తుదకు 1984లో రాష్ట్ర ప్రభుత్వము మునసబు, కరణముల పదవులనే రద్దుచేసెను. మా నాయనగారు దస్త్రములు మూటగట్టి ఒప్పగించిననాడు నేను బడిపిల్లవాడను. ఆనాడు మా యింట దిగులు పుట్టలేదని చెప్పజాలను. కాని నేడు నేను ఊరి లెక్కలు వ్రాయుచున్నానన్నచో అది పుట్టుక వలన గాదు, పని వలన. ఆ భేదము నాకు గౌరవముగనే తోచుచున్నది.

మరి కొద్దిపాటి జీతము గల కరణీకమునకే వంశము ప్రమాణము గారాదన్నప్పుడు, చట్టములు చేయు శాసనసభ్యత్వమునకు ప్రమాణమగునా? రాజ్యాంగము 173వ అధికరణము చూడుడు. శాసనసభకు నిలువదలచినవాడు భారత పౌరుడై యుండవలెను, 25 సంవత్సరములు నిండి యుండవలెను. అందు తండ్రి పేరెత్తలేదు. శాసనసభ్యుని కుమారుడు నిలువవలెనని లేదు, నిలువరాదనియు లేదు. కరణీకమును చట్టము రద్దుచేసినది. ఇచట మాత్రము వారసుని అంగీకరించుటయు, నిరాకరించుటయు ఓటరు చేతనే యున్నవి.

ఇక మన యెదుటి యుదాహరణమునకు వత్తము. మన చేజర్ల మండలము ఆత్మకూరు శాసనసభా నియోజకవర్గములోనిది. ప్రక్కనున్న ఉదయగిరి నుండి 1978లోను, 1983లోను శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు గెలిచిరి. చవటపాలెమున రైతు కుటుంబమున పుట్టిన ఆయన 2017 నుండి 2022 వరకు భారత ఉపరాష్ట్రపతి పదవి నలంకరించిరి. తండ్రి పదవి అండగ లేకయే ఈ మెట్టనేల నుండి అంతదూరము పోవచ్చునని దీనివలన తెలియుచున్నది. అదే ఉదయగిరి నుండి 1985లో శ్రీ మేకపాటి రాజమోహనరెడ్డిగారు శాసనసభకు ఎన్నికైరి. పిదప 1989లో ఒంగోలు నుండి, 2004లో నరసరావుపేట నుండి, 2009లోను, 2012 ఉపఎన్నికలోను, 2014లోను నెల్లూరు నుండి లోక్‌సభకు గెలిచిరి.

వారి కుమారుడు శ్రీ మేకపాటి గౌతంరెడ్డిగారు. మర్రిపాడు మండలములోని బ్రాహ్మణపల్లి వారి స్వగ్రామము. ఇంగ్లండులోని మాంచెస్టరులో వస్త్ర పరిశ్రమకు సంబంధించిన ఉన్నతవిద్య ముగించి, కుటుంబ వ్యాపారము చూచుకొనుచుండి, 2014లో ఆత్మకూరు నుండి శాసనసభకు నిలిచిరి. ఆ యెన్నికలో మనము చేసిన పని జ్ఞాపకము చేసికొనుడు. ఒకే దినమున, ఒకే పోలింగు కేంద్రమున, రెండు ఓట్లు వేసితిమి. లోక్‌సభకు తండ్రి అభ్యర్థి, శాసనసభకు కుమారుడు అభ్యర్థి. ఇరువురును గెలిచిరి. అచట తండ్రి పేరు కుమారునికి తోడ్పడలేదని ఎవడనగలడు?

లెక్కల వానిగా నేను చెప్పునది యిది. కొత్త ఆవర్జాలో మొదటి పంక్తి ప్రారంభ నిల్వ. అది నిరుటి పుస్తకము నుండి వచ్చును, ఈ యేటి సంపాదన గాదు. తండ్రి పేరు, పరిచయములు, ధనము, పార్టీ టిక్కెట్టు వారసునికి ప్రారంభ నిల్వ. సామాన్యుని బిడ్డకు ఆ పంక్తిలో సున్న యుండును. ప్రారంభ నిల్వ యుండుట నేరము గాదు. దానిని ఆ యేటి ఆదాయముగ వ్రాసి చూపినచో మాత్రము లెక్క తప్పు. సంవత్సరాంతమున చూడవలసినది తాను జమ చేసినదెంత, ఖర్చు చేసినదెంత యని.

ఆ విధముగ గౌతంరెడ్డిగారి పద్దు చూతము. 2014లో ఆయనకు 30 వేలకు పైగా ఆధిక్యము వచ్చెను. ఐదేండ్లు ప్రతిపక్షమున నుండిరి. 2019లో తండ్రిగారు పోటీలో లేరు. కుమారుడు ఒంటరిగ మన ముందు నిలిచి మరల గెలిచెను. ఈ తూరి ఆధిక్యము 20 వేలు దాటినది గాని, మునుపటంత లేదు. తండ్రి పేరు మారలేదు, సంఖ్య మారినది. అనగా ఓటు పొలము వలె పట్టా మార్పుతో సంక్రమించునది గాదు. ప్రతి తూరియు క్రొత్తగ అడిగి తెచ్చుకొనవలసినది. ఆ యేడు జూనులో ఆయన పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి యైరి. మృదుభాషి యని పక్షభేదము లేక పలువురు చెప్పుకొనుట వింటిమి. ఆ మాట తండ్రి యిచ్చిన ఆస్తి గాదు, తన జమయే.

2022 ఫిబ్రవరి 21న, రాష్ట్రమునకు పెట్టుబడులు కోరుటకై దుబాయి పోయి వచ్చిన వెంటనే, హైదరాబాదులో గుండెపోటుతో ఆయన కన్నుమూసిరి. ఏబది యేండ్ల వయస్సు. ఉదయగిరిలో అంత్యక్రియలు జరిగెను. తండ్రి తరువాత కుమారుడనుట లోకక్రమము. డెబ్బదియేడేండ్ల తండ్రి కుమారునికి వీడ్కోలు చెప్పవలసి వచ్చుట చూచినప్పుడు, ఆయనకు ఓటు వేయనివారికిని కంట తడి పెట్టెను. ఆ యేడు సెప్టెంబరులో సంగము వద్ద పెన్నపై ప్రారంభించిన బ్యారేజికి ప్రభుత్వము గౌతంరెడ్డిగారి పేరు పెట్టెను.

2022 జూనులో ఉపఎన్నిక వచ్చెను. సోదరుడు శ్రీ విక్రంరెడ్డిగారు నిలిచి 82,888 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. ఈ సంఖ్యను చదువునప్పుడు లెక్కలవాడు ప్రక్కన ఒక వివరణ వ్రాయవలెను. ఆ యెన్నికలో తెలుగుదేశము పార్టీ పోటీ చేయలేదు. కావున దీనిని 2014, 2019 సంఖ్యలతో సరిపోల్చరాదు. ఇంకొకటి. మృతుని యింటికి పోయి కన్నీరు తుడుచుట పరామర్శ. అది ఇరుగుపొరుగు ధర్మము, దానికి గడువు లేదు. ఓటు ప్రాతినిధ్యమునకు ఇచ్చు అధికారపత్రము, దానికి గడువు గలదు. ఈ రెండింటిని ఒకే ఖాతాలో వ్రాయుట ఆ కుటుంబమునకును మేలు గాదు, ఊరికిని మేలు గాదు.

రెండేండ్లకే ఆ భేదము తెలిసినది. 2024లో ఆత్మకూరు నుండి శ్రీ ఆనం రామనారాయణరెడ్డిగారు విక్రంరెడ్డిగారిపై పదివేలకు లోపు ఆధిక్యముతో గెలిచి మంత్రి యైరి. ఆయన 1983లోనే నెల్లూరు నుండి శాసనసభకు పోయిన అనుభవజ్ఞులు, 2009లో మన నియోజకవర్గముననే గెలిచినవారు. ఆయనయు రాజకీయ కుటుంబములోనివారే, శ్రీ ఆనం వెంకటరెడ్డిగారి కుమారులు. చూచితిరా? ఒక యింటి వారసుని కాదన్నప్పుడును మనము ఎన్నుకొన్నది మరియొక యింటి వారసునే. వారిలో ఎవరి యోగ్యతను నేను శంకింపను. మూడవ యింటివాడు, ప్రారంభ నిల్వ లేనివాడు, ఆ వరుసలో ఎప్పుడు నిలుచును? నన్ను కలతపెట్టు ప్రశ్న యిదియే.

పురాణము వైపు చూతము. ఆదిపర్వమున యయాతి, పెద్దవాడైన యదువును విడిచి, కడపటివాడైన పూరునికి రాజ్యమీయబోగా పౌరులు వచ్చి, పెద్ద కుమారుని ఏల దాటితివని ప్రశ్నించిరి. చక్రవర్తి కారణము చెప్పెను. వారు విని సమ్మతించిరి. ఓటు లేని కాలముననే వారసుని గూర్చి ప్రజలు ప్రశ్నించినారు, రాజు బదులు చెప్పినాడు. రఘువంశము కడపటి సర్గలో అగ్నివర్ణుడు గలడు. భోగములలో మునిగి, ప్రజలు దర్శనము కోరగా, మంత్రుల బలవంతమున గవాక్షము నుండి ఒక పాదము మాత్రము వ్రేలాడవిడిచెనట. దిలీపుడు, రఘువు పుట్టిన వంశమే అది. వంశము ఒక్కటియే గుణమునకు హామీ గాదని కాళిదాసు కావ్యమును అచటనే ముగించెను.

అట్లని వంశము దోషమును గాదు. మన నెల్లూరి తిక్కన సోమయాజి తాత మంత్రి భాస్కరుడు. తిక్కనయు మంత్రియే. కాని తాత పదవిని బట్టి తిక్కనను తలచువారెవరు? ఆయన వ్రాసిన పదునైదు పర్వములను బట్టి తలచెదము. ఇంగ్లండులో 1783లో ఇరువదినాలుగేండ్లకే ప్రధానమంత్రి యైన విలియం పిట్టు, అదే పేరు గల ప్రధానమంత్రికి కుమారుడు. తండ్రి పేరుతో లోనికి వచ్చెను. తుదకు, కుమారుడొకడుండుటచేతనే లోకము తండ్రిని పెద్ద పిట్టు అని పిలువవలసి వచ్చెను.

కావున ఓటరులకు నా మనవి. వారసుడు వచ్చినప్పుడు ఆతని తండ్రిని బట్టి ఒక ఓటు కలుపవలదు, ఒక ఓటు తీయవలదు. మూడు ప్రశ్నలడుగుడు. తండ్రి పేరు తీసివేసినచో నీవు ఈ ఊరికి చేసినదేమి? మెట్టపొలములకు నీరు, పిల్లలకు చదువు, యువకులకు పని యను మూడింటిలో దేనికి, ఎప్పటిలోగా పూనుకొందువు? ఐదేండ్లకు ఆ లెక్క మా ముందు చదివెదవా? జవాబు చెప్పినవాడు ఎవరి బిడ్డయైన నేమి?

గ్రంథాలయము వారికిని ఒక మనవి. మన పంచాయతీలలో రిజర్వేషన్లు వంతులవారీగ మారుచుండుటచే సర్పంచి పదవి ఏ యొక్క యింట స్థిరముగ నిలువజాలదు. ఆ విధముగ పదవికి వచ్చు కూలివాని బిడ్డకు, ముఖ్యముగ ఆడబిడ్డకు, వెనుకనుండి వేరొకరు సంతకము పెట్టించు దుస్థితి రాకుండవలెనన్నచో చదువు కావలెను. పంచాయతీరాజ్ చట్టము, శాసనసభ చర్చలు, రాష్ట్ర బడ్జెటు సంగ్రహము, మన మండలమునకు వచ్చిన నిధుల వివరములు ఇచట ఒక బల్లపై ఎల్లప్పుడు ఉంచుడు. సాయంకాలము పెద్దలెవరైన చదివి వినిపింపుడు. కోరినచో ఆ లెక్కలు విప్పి చెప్పుటకు వారమున కొకనాడు నేను వచ్చెదను.

నాయకుని బిడ్డకు ప్రారంభ నిల్వ తండ్రి యిచ్చును. ఆ నిల్వ లేని బిడ్డకు దానిని ఈయగల యిల్లు ఊరిలో ఒక్కటియే గలదు. దానికే నేడు మనము రజతోత్సవము చేయుచున్నాము.